మెత్తని ఉప్పు

మా ఆయనకి కూరలో ఉప్పు ఎంత వేయాలో ఈ రోజుకీ తెలియదు. మబ్బులో ఎంత వేయాలో మాత్రం తెలుసునని ఆ ఏడాది ఊరంతా నమ్మింది. ఊరిని తప్పుపట్టను, వాళ్ళెవరూ ఆయన వండింది తినలేదు.

వానలు వరసగా మూడో ఏడు మొహం చాటేసిన కాలం అది. మబ్బులు రాకపోవడం కాదు, వచ్చేవి. మధ్యాహ్నం రెండింటికల్లా పడమటి గుట్టల మీద పోగయ్యేవి, నాలుగింటిదాకా మా నెత్తిన కూర్చునేవి, పొద్దుగూకేసరికి పేరంటం అయిపోయినట్టు ఎవరి దారిన అవి వెళ్ళిపోయేవి. రిజర్వాయరు గోడ మీది గీతలు ఒక్కొక్కటే బయటపడి, చివరికి అవి గీసినవాళ్ళు కూడా మరిచిపోయిన గీతలు కనపడసాగాయి. మా వీధికి మూడు రోజులకోసారి ట్యాంకరు. ఇంటికి పన్నెండు బిందెలు. పన్నెండు బిందెలతో ఒక సంసారం మూడు రోజులు ఎలా నడుస్తుందో నాకు బాగా తెలుసు. వివరంగా చెప్పే ఓపిక మాత్రం ఇప్పటికీ రాలేదు.

అప్పుడు నీటిపారుదల శాఖవాళ్ళు అరవై రోజులకి ఒక చిన్న విమానాన్ని అద్దెకి తెచ్చారు. మబ్బు అడుగున ఎగురుతూ ఉప్పుపొడి చల్లాలి, అది మబ్బులోకి ఎక్కి వాన కురిపించాలి. పొడి ఆడించడం, ఏ మబ్బుకి ఎంత వేయాలో తేల్చడం మా ఆయన పని. ఆయన ఆ శాఖలో ఇంజనీరు. విమానం నడిపే పైలట్‌కి మా మేడ మీది గది ఇచ్చాం. పొడుగాటి మనిషి, తక్కువ మాట్లాడి ఎక్కువ తినేవాడు. నన్ను వదినగారూ అనేవాడు, మా అత్తయ్యని అమ్మగారూ అనేవాడు, మా ఆయన్ని సార్ అనేవాడు. ఆయన ఎదురుగా లేనప్పుడు ఏమనేవాడో నేను అడగలేదు.

ఇంట్లో ఇంకొకరున్నారు. పదమూడేళ్ళ మా అమ్మాయి, పిచ్చుక. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది, మాకు పిచ్చుకే. ముగ్గురు పెద్దవాళ్ళం నీళ్ళకోసం తప్ప నోరు విప్పని ఆ ఇంట్లో మనుషులున్నట్టు అనిపించేది దానివల్లే.

నేను డిగ్రీలో ఫిజిక్సు చదివాను. పెళ్ళయ్యాక ఆ చదువంతా కుక్కరు విజిల్ లెక్కపెట్టడానికి ఖర్చయింది. ఈ ఉప్పు వ్యవహారం వచ్చాక పాత పుస్తకాలు అటక మీంచి దించాను. మబ్బంటే నీళ్ళే, కాకపోతే కంటికి ఆననంత చిన్న చినుకులు. పది లక్షలు ఒక్కటైతే తప్ప ఒక వానచుక్క కాదు. అన్నీ ఒకే సైజులో ఉన్నంతసేపూ ఒకదానికొకటి తగలకుండా, పరిచయం లేని పెద్దమనుషుల్లా పక్కపక్కనే తేలుతుంటాయి. వాటి మధ్య కాస్త ఒళ్ళున్నది ఒకటి పుట్టాలి. అది బరువుకి కిందికి దిగుతూ, ఊరికి బయల్దేరిన మా పెద్దత్తలా, దారిలో కనపడ్డవాళ్ళనందర్నీ వెంటేసుకుంటుంది. ఉప్పు రవ్వ ఉన్నది అందుకే. చెమ్మ పీల్చుకుని అందరికంటే ముందు ఒళ్ళు చేస్తుంది. ముసురు పట్టినప్పుడు ఉప్పుడబ్బా అడుగున నీళ్ళెందుకు చేరతాయో తెలిసిన ఏ ఇల్లాలికైనా ఇందులో కొత్త ఏమీ లేదు.

మొదటి రెండు వారాలు పొడి ముతకగానే ఉండేది. తొమ్మిదో రోజు సాయంత్రం పది నిమిషాలు వాన పడింది. వీధిలో అందరూ బకెట్లు పెడుతుంటే, నేనూ పిచ్చుకా బిస్కెట్ల డబ్బా మూతలో మైదాపిండి పరిచి పెరట్లోకి పరిగెత్తాం.

"ఎంతసేపమ్మా?"

"నాలుగు అంకెలు లెక్కపెట్టి మూసెయ్. ఎక్కువసేపు ఉంచితే పిండంతా ముద్దయిపోతుంది."

ఒక్కో చినుకు పిండిలో పడి ఒక్కో ఉండ అవుతుంది. ఆరాక జల్లెడ పడితే వానచుక్కలు ఎంతెంత ఉన్నాయో చేతిలోకి వచ్చేస్తాయి. ఆ రోజువి మిరియాలంత ఉన్నాయి. పిచ్చుక వాటిని ఒక అగ్గిపెట్టెలో పోసి పైన తారీకు రాసింది. పదమూడో రోజు ఇంకో వాన పడింది, ఇంకో అగ్గిపెట్టె నిండింది.

"పిండి వృథా," అంది అత్తయ్య.

"మనవరాలి చదువు అత్తయ్యా."

"చదువుకి మైదా ఎందుకు? పుస్తకాలు ఏమయ్యాయి?"

పదిహేనో రోజున మా ఆయన నవ్వుతూ ఇంటికొచ్చారు. నెల రోజుల్లో అదే మొదటిసారి కాబట్టి గుర్తుంది. ఆయన పోరగా పోరగా శాఖ కొత్త మర ఒకటి కొన్నదట. ఒక చిటికెడు పొడి కాగితంలో కట్టి తెచ్చి భోజనాల బల్ల మీద విప్పారు.

"ముట్టుకుని చూడు. మొహానికి రాసుకునే పౌడరులా లేదూ?"

నిజంగానే ఉంది. వేలికి తగలనే లేదు, తేలిపోయింది. అత్తయ్య కూడా వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, తల ఊపింది. మా అత్తయ్య ఇంట్లో మెత్తదనం ఒక మతం. నేను కాపురానికొచ్చిన రోజు నుంచి పిండి, పొడి, ఏది పట్టించినా ఆవిడ వేలు పెట్టి "ఇంకాస్త" అనేది. ఆ ఇంకాస్త వింటూ పెరిగిన కొడుక్కి మెత్తగా ఉంటే మంచిదని ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

"సైజు పదో వంతుకి తగ్గించాం," అన్నారు ఆయన. "అదే కిలో ఉప్పులో ఇప్పుడు వెయ్యి రెట్లు రవ్వలు. వెయ్యి రెట్లు చినుకులు. ఆలోచించు."

ఆలోచించాను. అదే నేను చేసిన పొరపాటు.

"రవ్వలు పెంచారు సరే. మబ్బులో నీళ్ళు పెరిగాయా?"

"అంటే?"

"ఉన్నది ఒక్క బిందె. ఇంటికి వందమంది చుట్టాల్ని పిలిచారు. తలో చెంచా ఇస్తే ఎవరి గొంతూ తడవదు. చినుకులు ఎక్కువవుతాయి కానీ ఒక్కటీ లావెక్కదు. లావెక్కనిది కింద పడదు."

ఆయన కాగితం మడిచేశారు. "నువ్వు చదివిన పుస్తకం ఎప్పటిది?"

"ఇరవై ఏళ్ళ కిందటిది. అప్పటినుంచి నీటిచుక్కలు ఏమైనా మారాయా?"

పైలట్ తల దించుకుని అన్నం కలుపుకుంటున్నాడు. ఎంతసేపు కలిపాడంటే, అది కూడా మెత్తగా అయిపోయింది.

"వంటగదిలో కూర్చుని మబ్బుల గురించి చెప్పడం తేలిక," అన్నారు మా ఆయన.

నేను మజ్జిగ పోశాను. ఉప్పు వేయలేదు.

ఆ వారంలోనే బడినుంచి కాగితం వచ్చింది. ఏడో వారం ముగిసేనాటికి రిజర్వాయరులో నీళ్ళు ఎర్రగీత చేరకపోతే ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్ని మూడు గంటల దూరంలో ఉన్న పట్నానికి ఏడాదిపాటు మార్చేస్తారట. పిల్లలు అక్కడే హాస్టల్లో ఉండాలి. అన్ని వందలమంది పిల్లలకి మరుగుదొడ్లలో పోయడానికి నీళ్ళు లేవు, మమ్మల్ని అర్థం చేసుకోండి, అని రాశారు. అర్థమైంది. పిచ్చుక ఎనిమిది.

"నాన్న వాన కురిపించేస్తారుగా," అంది అది, కాగితం ఫ్రిజ్ మీద పెడుతూ. దానికి జవాబు అక్కర్లేదని అది అనుకుంటోంది కాబట్టి మేం బతికిపోయాం.

తర్వాతి నాలుగు వారాలు నాకు విడివిడిగా గుర్తులేవు. ఒకే మధ్యాహ్నం ఇరవై ఎనిమిదిసార్లు జరిగింది. రెండింటికి మబ్బు, రెండున్నరకి విమానం చప్పుడు, మూడింటికి వీధిలో అందరి తలలూ పైకి, నాలుగున్నరకి అందరి తలలూ కిందికి. అన్నం వండిన గిన్నె కడిగిన నీళ్ళు మొక్కకి పోసేదాన్ని. తర్వాత ఆ నీళ్ళతో నేల తుడిచేదాన్ని, మొక్క ఎండిపోయింది కనక. ట్యాంకరు దగ్గర నించుని నించుని కాళ్ళు బరువెక్కి, ఇంటికొచ్చి బిందెలు దించాక కూడా నా చేతులు వాటిని మోస్తున్నట్టే వంకరగా ఉండేవి. ఆ రోజుల్లో నాకు ఆయన మీద సరిగా కోపం కూడా రాలేదు. కోపం రావడానికి కూడా స్నానం చేసిన ఒళ్ళు కావాలేమో.

మబ్బులు మాత్రం ఎంత అందంగా ఉండేవో చెప్పలేను. ఉతికి నీలిమందు పెట్టినట్టు తెల్లగా మెరిసేవి. చూసినవాళ్ళంతా వాన ఈవేళో రేపో అనేవారు. నాకు ఆ తెలుపే నచ్చలేదు. చినుకులు మరీ చిన్నవై, మరీ ఎక్కువైతేనే మబ్బు అంత తెల్లగా మెరుస్తుంది.

ఆ నాలుగింటిలో మొదటి వారంలోనే ఒకరోజు పైలట్ తన బకెట్ పట్టుకుని మెట్లు దిగొచ్చాడు. మా ఆయన ఆఫీసులో ఉన్నారు.

"వదినగారూ, ఒక మాట. సార్‌తో అనకండి."

"అనను. ఆయన వింటేగా."

"మొదట్లో మబ్బు అంచులోంచి వచ్చేటప్పుడు ముందు అద్దం మీద చుక్కలు ఠపఠపా పడేవండి. ఎవరో గులకరాళ్ళు విసిరినట్టు. ఇప్పుడు అద్దం మీద ఆవిరి పట్టినట్టుంటుంది. అద్దం ముందు నించుని ఊదితే ఎలా ఉంటుందో అలా. తుడిస్తే పోతుంది."

"ఆ సంగతి ఆయనకి చెప్పలేదా?"

"ఒకసారి చెప్పానండి. అద్దాలు సరిగా తుడవడం లేదేమో చూసుకో అన్నారు." బకెట్ కింద పెట్టాడు. "నేను డ్రైవర్నండి. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను."

ఆ రోజునుంచి నేను వాదించడం మానేసి చిన్న కొంటెపని మొదలుపెట్టాను. రోజూ నాలుగింటికి పిచ్చుక పిండిమూత పట్టుకుని పెరట్లో నించునేది. ఏమీ పడేది కాదు. వారం చివర అది ఖాళీ అగ్గిపెట్టె మీద ఎన్నో వారమో రాసి నాకిచ్చేది. నేను దాన్ని తీసుకెళ్ళి మా ఆయన గడ్డం గీసుకునే సామాను పక్కన పెట్టేదాన్ని. మొదటి వారానికి ఒకటి, రెండో వారానికి రెండు. ఆయన పక్కకి జరిపి గడ్డం గీసుకునేవారు. నాలుగు వారాలకి నాలుగు పెట్టెలు చేరి, సబ్బుకి చోటు లేకపోయింది.

"ఇవేమిటి?" అన్నారు ఒక పొద్దున్న.

"ఈ నెల పడిన వాన. దాచిపెట్టాం."

ఆయన సబ్బుని కిటికీలో పెట్టుకున్నారు. తెరిచి మాత్రం చూడలేదు.

ఏడో వారంలో మా మిక్సీ కాలిపోయింది. అత్తయ్యకి కాఫీ పడకపోతే ఇల్లు నిలవదు. ఆయన కాఫీగింజలు ఆఫీసుకి పట్టుకెళ్ళి, ఆ కొత్త మరలో ఆడించి తెచ్చారు. "ఇంత మెత్తటి కాఫీపొడి నువ్వు జన్మలో చూసి ఉండవమ్మా," అంటూ డబ్బా ఆవిడ చేతికిచ్చారు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో కాస్త గర్వం వినపడింది.

మర్నాడు పొద్దున్న అత్తయ్య తనే ఫిల్టరులో పొడి వేసి, మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టి కూర్చుంది. ఆయన ఎదురు కుర్చీలో పేపరు చదువుతున్నారు. పైలట్ గ్లాసు పట్టుకుని గడపలో నించున్నాడు. పావుగంట గడిచింది. అత్తయ్య పైగిన్నె తీసి కిందిగిన్నెలోకి తొంగిచూసింది. అడుగు పొడిగా ఉంది.

"ఏమిట్రా ఇది?"

ఆయన లేచి ఫిల్టరుని బల్లకేసి రెండుసార్లు కొట్టారు. చెంచాతో పొడి కదిపారు. మళ్ళీ మూత పెట్టారు. ఇంకో పది నిమిషాలు. నేను కూరలు తరుగుతూ ఉండిపోయాను. తరగడం ఆపితే నవ్వొస్తుందని భయం.

"పడదు," అంది అత్తయ్య. "పొడి మరీ మెత్తగా ఆడించావు. ఒక్క చుక్క దిగదు."

"నువ్వేగా అమ్మా ఎప్పుడూ మెత్తగా ఉండాలంటావు."

"మెత్తగా అన్నాను గానీ ఇలా పిండి చెయ్యమన్నానా? రవ్వ చేతికి తగలాలి." పైగిన్నెలోంచి గరిటె అంచుమీదికి రెండు చుక్కలు వంచుకుని నాలిక మీద వేసుకుంది. "పైగా ఉప్పగా ఉంది."

ఫిల్టరులో పొడి నీళ్ళని ఆపడం వేరు, మబ్బులో చినుకులు లావెక్కకపోవడం వేరు. ఆ రెండిటికీ సంబంధం లేదని నాకు తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. అయినా ఆయన ఆ ఖాళీ గిన్నె కేసి చూస్తూ నించుండిపోయారు. స్నానాలగదిలోకి వెళ్ళారు. అగ్గిపెట్టె తెరిచిన చప్పుడు వినపడింది. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. నాలుగూ వినపడ్డాక బయటికొచ్చి, కాఫీ తాగకుండానే ఆఫీసుకి వెళ్ళిపోయారు. తర్వాత వెళ్ళి చూస్తే అరలో సబ్బుకి చోటుంది.

మర్నాటి సాయంత్రం పైలట్ మెట్లెక్కుతూ ఆగాడు. "వదినగారూ, ఈవేళ బస్తాల్లో పొడి గరగరలాడుతోందండి."

"సార్ ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. మర బిగింపు వదులు చేయించారట. అద్దాలు మాత్రం తనే తుడిచారు."

బడివాళ్ళ గడువు శనివారం. ఆ రోజు నీళ్ళు ఎర్రగీతకి జానెడు కిందే ఉన్నాయి. జానెడే కదా అని బడికి వెళ్ళి అడిగాను. పెద్దపంతులమ్మ అలిసిపోయి ఉంది. ఆవిడా పొద్దున్నే ట్యాంకరు దగ్గర నించుని వచ్చినట్టుంది. "హాస్టలుకి మాటిచ్చేశామమ్మా. మంచాలు కూడా వేసేశారు," అంది. ఇంటికొచ్చి అటక మీది రేకుపెట్టె దించి తుడిచాను, తడిగుడ్డతో కాదు, పొడిగుడ్డతో.

వాన మంగళవారం పడింది.

మూడున్నరకి మొదలై ఆరింటిదాకా ఆగలేదు. పిచ్చుక నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా పిండి మూత గుంటలు గుంటలైంది. ఆరాక జల్లెడ పడితే మిరియాలకంటే పెద్దవి, నానిన శనగలంత ఉండలు. బుధవారం కూడా పడింది. గురువారం రాత్రంతా పడి, తెల్లారేసరికి ఎర్రగీత మునిగిపోయింది. వీధిలో జనం మా ఆయన్ని చూసి దణ్ణాలు పెడుతుంటే ఆయన గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని నడిచారు. నేను ఒళ్ళు తడిసేలా స్నానం చేశాను, మూడు బకెట్లతో. చేశాక కూర్చుని కాసేపు ఏడ్చాను. ఎందుకో చెప్పమంటే చెప్పలేను, నీళ్ళున్నాయి కనక ఏడ్చాననుకోండి.

ఆదివారం పొద్దున్న పిచ్చుక ప్రయాణం. ముందుగదిలో రేకుపెట్టె, పైన పరుపుచుట్ట, దాని మీద పిచ్చుక. తొమ్మిదింటికి బస్సు. ఎనిమిదింటికి శాఖలో పెద్ద ఇంజనీరు పళ్ళబుట్ట పట్టుకుని వచ్చాడు, వెంట ఇంకా తడి ఆరని గొడుగు.

"ఇంత వాన ఎవరూ అనుకోలేదయ్యా," అన్నాడు, కుర్చీలో కూర్చుని. "పైకి రిపోర్టు రాస్తున్నాను. మెత్తని పొడి ప్రయోగం ఫలించిందని రాసేశాను. వచ్చే ఏడాది ఆ మరలు ఇంకో రెండు కొంటామన్నారు. నీ సంతకం ఒక్కటే తక్కువ."

కాగితాలు బల్ల మీద పెట్టాడు. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు. మా ఆయన పెన్ను అందుకున్నారు. నేను వంటగది గుమ్మంలో కాఫీ పళ్ళెంతో నించున్నాను. సంతకం పెడితే వచ్చే ఏడాది కూడా మబ్బులు తెల్లగా మెరుస్తాయి. పిచ్చుక హాస్టల్లోనే తొమ్మిదిలోకి వస్తుంది.

ఆయన చాలాసేపు కాగితం చదివారు. అంత చదవడానికి అందులో ఏమీ లేదు.

"ఇది తప్పు సార్."

"అక్షరదోషమా?"

"కాదు." పెన్ను మూత పెట్టేశారు. చొక్కా జేబులోంచి నాలుగు అగ్గిపెట్టెలు తీసి వరసగా బల్ల మీద పెట్టారు. "మెత్తని పొడి చల్లిన నాలుగు వారాలూ ఒక్క చినుకు పడలేదు. ఇవి తెరిచి చూడండి. ముతక పొడికి మార్చాక పడింది. ముతక వల్లే పడిందని నేను ఒట్టేసి చెప్పలేను, మబ్బు తనంతట తనే కురిసి ఉండచ్చు. మెత్తగా ఆడించింది మాత్రం నేనే. రవ్వలు ఎక్కువైతే చినుకులు లావెక్కవని మొదటిరోజే మా ఆవిడ చెప్పింది. పైలట్ చెప్పాడు. వినలేదు."

పెద్ద ఇంజనీరు ఒక పెట్టె తెరిచి, ఖాళీగా ఉండేసరికి తిరగేసి చూశాడు.

"ఇదంతా రిపోర్టులో ఎందుకయ్యా ఇప్పుడు? వాన పడిందిగా."

"రాయకపోతే వచ్చే ఏడాది మళ్ళీ ఇదే చేస్తాం సార్. తప్పు నాది. అలాగే రాయండి."

అత్తయ్య తన మూలనుంచి మెడ సాచింది.

"ఏమన్నాడమ్మాయ్?"

"వినపడలేదా అత్తయ్యా?"

"వినపడింది. పుట్టి నలభై ఆరేళ్ళకి అన్నాడు. ఇంకోసారి అంటాడేమోనని."

పైలట్ మేడమెట్ల మీంచి దిగొచ్చి పెట్టె భుజానికెత్తుకోబోయాడు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. తనే వంగి పరుపుచుట్ట పక్కకి తీసి, పెట్టె మీదినుంచి దిగుతున్న పిచ్చుక ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"నాలుగు వారాలు, పిచ్చుకా," అన్నారు. "తప్పు నాదే."